చెరువు గట్టున చదువుకోవడానికి ఒక రచయిత

రాత్రి పన్నెండు దాటాక రొయ్యల చెరువు మీద కాపలా కూర్చున్న మనిషికి చేతిలో పుస్తకమంటూ లేకపోతే తెల్లవారడం బహు కష్టం. భీమవరం చుట్టుపక్కల సాగు చేసేవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు గానీ, తక్కినవారి కోసం కొంచెం చెబుతాను. పగటిపూట ఎండ తగిలినంతసేపూ చెరువు నీళ్లలోని పచ్చటి నాచు ఆక్సిజన్‌ను తయారుచేస్తూ ఉంటుంది. పొద్దుగుంకాక అదే నాచు, రొయ్యలు, అడుగున పేరుకున్న మడ్డి అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. అందువల్ల తెల్లవారుజామున మూడు నుంచి అయిదు గంటల మధ్య నీళ్లలో అది బాగా అడుగంటుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే దిగకుండా చూసుకోవాలంటే నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగకుండా తిరగాలి, కరెంటు పోయిన మరుక్షణం జనరేటరు వేయాలి. ఈ పనికి మా చెరువు మీద మనిషి ఉన్నాడు. అయినా పట్టుబడికి, అంటే పెరిగిన రొయ్యలను పట్టి అమ్మే రోజుకు, నెల రోజుల ముందు నుంచి నేను కూడా చెరువు దగ్గరి మకాంలోనే పడుకుంటాను. పడుకుంటాననడమే గానీ నిద్ర ఎక్కడిది? పెట్టుబడంతా నీళ్లలో ఉన్నప్పుడు కళ్లు మూసుకున్నా చెవులు ఏరియేటర్ల చప్పుడు మీదే ఉంటాయి.

ఆ నాలుగైదు గంటలలో మనసు కాస్త తేలికపడడానికి నేను ఏళ్ల తరబడి నమ్ముకున్నది సస్పెన్స్ నవలల్నే. ఈమధ్య ఆ నవలలకు కరువొచ్చి, కొత్త రచయిత కోసం దాదాపు ఒక పంటకాలం వెతుక్కోవలసి వచ్చింది. ఆ వెతుకులాట గురించి, చివరకు దొరికిన రచయిత గురించి రాద్దామని కూర్చున్నాను.

హత్యల పుస్తకం చదివితే విశ్రాంతి ఏమిటని మా ఇంట్లో ఆవిడ ఎప్పుడూ అడుగుతూనే ఉంటుంది. "గొంతు పిసికిన కథ చదివి గుర్రుపెట్టి నిద్రపోయే మనిషిని మిమ్మల్నే చూశానండీ" అంటుంది. నేను చెప్పే జవాబు ఆవిడకు ఎప్పుడూ నచ్చలేదు కాబట్టి ఇక్కడ చెబుతాను. చెరువులో రొయ్య చచ్చిపోతే కారణం ఎవరూ గట్టిగా చెప్పలేరు. వదిలిన రొయ్యపిల్లలో లోపమంటారు, నీళ్లలో లోపమంటారు, పక్క చెరువు వాళ్లు వదిలిన నీళ్లంటారు, చివరికి వాతావరణం మీదికి తోసేస్తారు. 1990ల మధ్యలో తెల్లమచ్చ జబ్బు వచ్చి టైగర్ రొయ్య సాగు కుప్పకూలినప్పుడు మా నాన్నగారు రెండు పంటలు పోగొట్టుకున్నారు. దోషి ఎవరో తేలక, ఎవరిని తిట్టాలో తెలియక, ఆయన ఆ బాధను అలాగే మోశారు. నవలలోనైతే, ఎంత ఘోరం జరిగినా, నూట యాభయ్యో పేజీ దగ్గర ఒక మనిషి లేచి ఇదిగో ఇతనే అని చూపిస్తాడు. నా మటుకు ఆ భరోసాయే విశ్రాంతి.

నాకీ అలవాటు పడింది అద్దె పుస్తకాల షాపులో. హైస్కూలు రోజుల్లో మా ఊరి సెంటర్లో సైకిల్ షాపును ఆనుకుని ఒక చిన్న బడ్డీ ఉండేది. రోజుకు పావలా అద్దె ఇస్తే కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ నవల ఒకటి చేతిలో పెట్టేవారు. అట్టకు గోధుమరంగు కాగితం, దాని మీద సిరాతో నెంబరు, లోపల ప్రతి పది పేజీలకూ ఎవరిదో కొబ్బరినూనె వేలిముద్ర. మద్రాసులో ఉండే డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు మాకు సొంత ఊరి మనుషుల్లా తెలుసు. ఒకసారి నేను రాత్రంతా కూర్చుని చదివిన నవలలో ఆఖరి కాగితం లేదు. యుగంధర్ అందరినీ హాల్లో కూర్చోబెట్టి గొంతు సవరించుకునే దగ్గర కథ ఆగిపోయింది. పొద్దున్నే బడికి కూడా వెళ్లకుండా షాపు తలుపు తీసేదాకా నిలబడ్డాను. ఆ షాపాయన పుస్తకం చూడకుండానే, అగరుబత్తి వెలిగిస్తూ, "తమ్ముడండి, మారుటి తమ్ముడు. విషం పాలల్లో కాదండి, పంచదారలో" అన్నాడు. ఆయనకు తన షాపులోని ప్రతి పుస్తకంలోనూ ఏ కాగితం పోయిందో, అందులో ఏముందో నోటికి వచ్చు. అద్దె మాత్రం తగ్గించలేదు.

ఆ తర్వాత వారపత్రికల కాలం వచ్చింది. మా కోనసీమ రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ గారి సీరియళ్ల కోసం ఇంటిల్లిపాదీ పోస్టు మనిషికి ఎదురుచూసేవాళ్లం. అంతకు కాస్త అటూ ఇటూగా మధుబాబు గారి షాడో మా కాలేజీ హాస్టలును ఏలాడు. వీళ్లందరినీ చదివాను, మళ్లీ చదివాను, మూడోసారి చదివేసరికి ఏ పేజీలో ఎవరు తలుపు తడతారో ముందే తెలిసిపోవడం మొదలైంది. సస్పెన్స్ నవలకు అంతకంటే ఇబ్బంది లేదు. పాటను వందసార్లు వినవచ్చు గానీ హంతకుడి పేరు ఒక్కసారే తెలుస్తుంది.

అందుకని రెండేళ్ల క్రితం ఇంగ్లీషు పుస్తకాల వైపు తిరిగాను. నా ఇంగ్లీషు భీమవరం కాలేజీలో నేర్చుకున్నది, నిదానంగా చదివితే అర్థమవుతుంది. పట్నంలో పుస్తకాల షాపు అతను, అడిగినవారందరికీ ఇచ్చినట్టే నాకు కూడా, విమానాశ్రయాల్లో బాగా అమ్ముడుపోయే రకం లావుపాటి నవల ఒకటి ఇచ్చాడు. రెండేసి పేజీల అధ్యాయాలు. ప్రతి అధ్యాయం చివర ఎవరో ఒకరు తుపాకీ తీస్తారు, లేదా బాంబుకు ఇంకా పదకొండు నిమిషాలే మిగిలి ఉంటాయి. చేతిలోంచి దించలేని పుస్తకమని అట్ట మీద వేసిన మాట నిజమేనని నేను ఒప్పుకోవలసిందే, ఎందుకంటే దాన్ని దించకపోవడం వల్లనే నేను ఆ రాత్రి దాదాపు ఒక చెరువు పోగొట్టుకున్నాను.

జరిగింది ఇదీ. మా మనిషి ఒంట్లో బాగోలేక ఇంటికి వెళ్లాడు, నేనొక్కణ్ణే ఉన్నాను. మూడు గంటలు దాటాక త్రీఫేజు లైనులో ఒక ఫేజు పోయింది. కరెంటు మొత్తం పోతే మకాంలో లైటు ఆరిపోయి తెలిసేది. ఒక ఫేజే పోవడంతో లైటు వెలుగుతూనే ఉంది, రెండో చెరువులో నాలుగు ఏరియేటర్ల మోటార్లు మాత్రం మూలిగి ఆగిపోయాయి. మొదటి చెరువు కాస్త దూరంలో వేరే లైను మీద ఉంది, అక్కడివి తిరుగుతూనే ఉన్నాయి. నా చెవులకు ఆ చప్పుడు వినపడుతోంది, కళ్లు మాత్రం మంచుకొండల మీద పరుగెడుతున్న ఎవరో గూఢచారి వెంట ఉన్నాయి. చప్పుడు సగానికి తగ్గిందన్న సంగతి ఎంతసేపటికి తట్టిందో చెప్పలేను. టార్చి వేసుకుని గట్టు మీదికి వెళ్లేసరికి రొయ్యలు అంచుల వెంబడి పైకి తేలి ఉన్నాయి. టార్చి వెలుతురుకు వందల కొద్దీ కళ్లు ఎర్రటి నిప్పురవ్వల్లా మెరిశాయి. జనరేటరు వేసి, మందుల గదిలో ఉన్న ఆక్సిజన్ బిళ్లలు దోసిళ్లతో చల్లి, తెల్లవారే దాకా గట్టు చుట్టూ తిరిగాను. నష్టం పెద్దగా జరగలేదు, అది నా అదృష్టం. పొద్దున్నే వచ్చిన మా మనిషి గట్టున పడి ఉన్న నాలుగు బుట్టల రొయ్యలనీ, మంచం మీద బోర్లించిన పుస్తకాన్నీ మార్చి మార్చి చూసి, "ఆయ్, ఫేజు పోతే ఎలా చూడలేదండీ బాబుగారూ?" అని మాత్రం అడిగాడు. ఆ పుస్తకంలో బాంబు పేలిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రాత్రి తర్వాత నాకు కావలసిన రచయిత ఎలా ఉండాలో కొంత స్పష్టత వచ్చింది. కథ మనిషిని పట్టుకోవాలి గానీ గొంతు పట్టుకోకూడదు. నేను మధ్యలో లేచి, చెక్ ట్రేలు ఎత్తి మేత ఎంత మిగిలిందో చూసుకుని, తిరిగి వచ్చి కూర్చుంటే, కథ నేను వదిలిన చోటే నా కోసం కూర్చుని ఉండాలి. పేర్లు పాతికకు మించకూడదు. పుస్తకం రెండు రాత్రుల్లో అయిపోవాలి. ఇక అసలైన షరతు, ఆ రచయిత ఒక్క మంచి పుస్తకం రాసి ఊరుకున్నవాడు కాకూడదు. నచ్చిన మనిషి దొరికాక మళ్లీ నెలకే కొత్తవాణ్ణి వెతుక్కునే ఓపిక నాకు లేదు.

అగాథా క్రిస్టీ గారు ఈ షరతుల్లో చాలావాటికి సరిపోతారు. ఆవిడవి 66 డిటెక్టివ్ నవలలు ఉన్నాయి కాబట్టి కొరత కూడా లేదు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసిన మనిషి కావడంతో విషాల విషయంలో ఆవిడ తప్పు చెయ్యరు. పది పన్నెండు చదివాను, బాగున్నాయి. కానీ ఒక పెద్ద బంగళా, అందులో పన్నెండు మంది అతిథులు, ఎవరు ఏ గంటకు ఏ మెట్లు దిగారన్న లెక్క, ఇవన్నీ గుర్తుపెట్టుకోవడానికి కాగితం పెన్ను కావాలి. రోజంతా మేత లెక్క, డీజిలు లెక్క, వడ్డీ లెక్క రాసే మనిషికి రాత్రి కూడా లెక్కేనా అనిపించింది. జపాను రచయిత సెయిచో మత్సుమోతో రాసిన రైలు టైమ్‌టేబుల్ నవల ఒకటి దొరికింది. టోక్యో స్టేషనులో ఒక ప్లాట్‌ఫారం మీద నిలబడితే మరో ప్లాట్‌ఫారం మీది రైలు అడ్డం లేకుండా కనిపించేది రోజు మొత్తం మీద నాలుగు నిమిషాలే అన్న ఒక్క ముడి మీద కథంతా నడుస్తుంది. గోదావరి జిల్లాల్లో ప్యాసింజరు రైళ్ల మీద ఆధారపడి బతికినవాడిగా ఆ నవలను నేను ఎంతో ఇష్టపడ్డాను. అయితే ఆయనవి ఇంగ్లీషులో నాకు దొరికినవి మరీ తక్కువ.

ఇలా ఉండగా హైదరాబాదులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న మూడు సన్నటి పుస్తకాలు బస్సులో పార్సిలు వేశాడు. ఫోను చేసి, "మావయ్యా, ఇందులో హత్య మొదట్లోనే అయిపోద్ది. ఆ తర్వాత అంతా వర్షం, బురద, కాలువ. మన ఊళ్లో కూర్చున్నట్టే ఉంటది, నీకు నచ్చుద్ది" అన్నాడు. రచయిత పేరు జార్జ్ సిమెనాన్. డిటెక్టివ్ పేరు మేగ్రే. పేరు ఎప్పుడో విన్నట్టే ఉంది గానీ ఒక్క పుస్తకమూ చదివి ఉండలేదు. మూడింటిలో అట్ట మీద పడవ బొమ్మ ఉన్నది తీసి మొదలుపెట్టాను.

అది 1931లో అచ్చయిన 'ది కార్టర్ ఆఫ్ లా ప్రొవిదాన్స్' అనే నవల. ఫ్రాన్సులో మార్న్ నది పక్కనే సాగే కాలువ, దాని మీద డిజీ అనే చోట పడవలను ఒక నీటిమట్టం నుంచి మరో మట్టానికి చేర్చే తలుపుల లాకు, ఎడతెగని ముసురు. లాకు దగ్గర గుర్రాలను కట్టే కొట్టంలో, గడ్డి కింద, ముత్యాలు పెట్టుకున్న ఒక గొప్పింటి స్త్రీ శవం దొరుకుతుంది. కాలువ మీద సరుకు పడవలను అప్పట్లో గుర్రాలు గట్టు వెంబడి నడుస్తూ తాడుతో లాగేవి. ఇన్‌స్పెక్టరు మేగ్రే, లావుపాటి మనిషి, అరువు తెచ్చుకున్న సైకిలెక్కి ఆ గట్టు వెంబడి, ఒక లాకు నుంచి మరో లాకుకు, వర్షంలో తడుస్తూ తొక్కుకుంటూ పోతాడు. ఏ పడవ ఏ లాకును ఎన్ని గంటలకు దాటిందన్నదే ఆయనకు దొరికే ఆధారం. మిగిలిన కథ నేను చెప్పను. చెప్పేస్తే మా అద్దె షాపాయనకూ నాకూ తేడా ఉండదు.

లాకు అన్న మాట చదవగానే నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. మా అమ్మమ్మగారి ఊరు ఆత్రేయపురం వైపు. వేసవి సెలవులు మొదలయ్యే ముందు, ఇంకా కాలువలు కట్టేయని రోజుల్లో, మా తాతగారు లొల్ల లాకుల దగ్గరికి తీసుకువెళ్లేవారు. కాలువ పాయలుగా చీలే ఆ చోట పడవ లాకు దాటడం చూడడం మాకు తీర్థం చూసినంత సంబరం. కింది వైపు నుంచి ధాన్యం బస్తాలో ఇసుకో వేసుకున్న పడవ వచ్చి రెండు రాతి గోడల మధ్యకు చేరుతుంది. వెనక తలుపులు మూస్తారు. లాకు చూసుకునే లస్కరు వంగి ఇనుప మర తిప్పితే ఎక్కడో కింద నీళ్లు గుబగుబమంటూ లోపలికి వస్తాయి. పడవ కదిలినట్టే ఉండదు. మనం గోడ మీది పాకుడు గీతను చూస్తూ ఉండాలి, అది ఒక్కొక్క అంగుళమే మునుగుతూ ఉంటుంది. మొదట పడవవాడి తలపాగా మాత్రం కనిపిస్తుంది, ఆ తర్వాత మొహం, ఆ తర్వాత ముందర పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం కుండ, చివరకు బస్తాలు. రెండు వైపులా నీళ్లు సమమయ్యాక పై తలుపులు వాటంతట అవే అన్నంత తేలికగా తెరుచుకుంటాయి. ఈ తతంగమంతా పూర్తయ్యే లోపు లస్కరుకూ పడవవాడికీ మధ్య బోలెడంత ఊసు నడుస్తుంది. పై లాకు దగ్గర ఎవరున్నారు, ఎవరి పడవ బోల్తా పడింది, ఎవరి కూతురు పెళ్లి కుదిరింది, అన్నీ లస్కరు చెవిన పడాల్సిందే.

1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేసిన తర్వాత తవ్విన కాలువలు సాగుకే కాక ప్రయాణానికి కూడా పనికివచ్చాయి. ఆ రాకపోకల కోసమే ఇన్ని లాకులు కట్టారు. ఇప్పుడు లాకుల్లో పడవలు లేవు, సినిమా షూటింగులు జరుగుతాయి. అలాంటిది ఫ్రాన్సు దేశపు కథలో లాకు మనిషి దగ్గర కూర్చుని ఆ ఊసులు వినే పోలీసు అధికారి కనబడేసరికి, ఈ రచయిత కాలువను ఒడ్డు నుంచి చూసి రాసినవాడు కాదని నాకు అనిపించింది.

తర్వాత చదివి తెలుసుకుంటే అదే నిజమయింది. సిమెనాన్ 1903లో బెల్జియంలోని లియేజ్ నగరంలో పుట్టాడు, పదహారేళ్లకే పత్రికా విలేకరి అయ్యాడు, పారిస్ చేరి మారుపేర్లతో వందకు పైగా చౌకరకం నవలలు గుప్పించాడు. 1928లో ఒక చిన్న పడవ కొని, భార్యనూ వంటమనిషినీ కుక్కనూ ఎక్కించుకుని, ఫ్రాన్సు కాలువలూ నదులూ నెలల తరబడి తిరిగాడు. మరుసటి ఏడు ఇంకాస్త పెద్ద పడవలో హాలండు దాకా పోయాడు. అక్కడ డెల్ఫ్‌జైల్ అనే రేవులో, పడవ సందులకు మరమ్మతు చేయిస్తున్న సమయంలో, పాడుబడి సగం నీళ్లు నిండిన వేరొకరి పడవలో కొయ్యపెట్టెల మీద టైపు మిషను పెట్టుకుని మేగ్రే కథ మొదలుపెట్టానని ఆయనే చెప్పుకున్నాడు. ఆయన జ్ఞాపకం అంత కచ్చితమైనది కాదని పరిశోధకులు అంటారు. డెల్ఫ్‌జైల్ ఊరివాళ్లు మాత్రం ఆ మాట పట్టుకుని 1966లో మేగ్రేకు విగ్రహమే పెట్టేశారు. పుట్టని మనిషికి పుట్టినూళ్లో విగ్రహం పెట్టడమంటే పాఠకులకు అంతకు మించిన ముచ్చట ఏముంటుంది?

మేగ్రే నవలలు మొత్తం 75. ఇవి కాక చిన్న కథలు 28. మొదటి ఏడాది, అంటే 1931లోనే, పదికి తగ్గకుండా అచ్చయ్యాయి. ఆఖరిది 1972లో వచ్చింది. రోజుకు ఒక అధ్యాయం చొప్పున పది పన్నెండు రోజుల్లో పుస్తకం ముగించేవాడట. మధ్యలో జబ్బుచేసి రెండు రోజులు ఆగవలసి వస్తే రాసినదంతా పక్కన పడేసేవాడట. ఇంత వేగంగా రాసేవాళ్లంటే మన గోదావరి వాళ్లకు వింత కాదు. తణుకులో పుట్టిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు గారు వెయ్యి నవలలు రాశారని, రైల్వే స్టేషన్లలో ఆయన పుస్తకం కొనకుండా ఎవరూ రైలెక్కేవారు కాదని మా తాతగారి తరం వాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. అయితే సిమెనాన్‌లో నన్ను ఆశ్చర్యపరిచింది వేగం కాదు, వేగంగా రాసిన మనిషి అంత పొదుపుగా రాయడం. యవ్వనంలో ఆయన కథలు పట్టుకుని ఒక పత్రికకు వెళితే, అక్కడ సాహిత్య సంపాదకురాలిగా ఉన్న రచయిత్రి కొలెట్, సాహిత్యం మరీ ఎక్కువైందని తిప్పి పంపిందట. అప్పటి నుంచి అందం కోసం పెట్టిన మాట ఎక్కడ కనబడితే అక్కడ కొట్టివేయడమే ఆయన దిద్దుబాటు. దాని వల్ల నాలాంటివాడికి కలిగిన మేలు ఏమిటంటే, నిఘంటువు తీయవలసిన పని అరుదుగా పడుతుంది.

ఇక మేగ్రే. ఆయన ఒక జమీందారీ ఎస్టేటు మేనేజరు కొడుకు, వైద్యం చదువుతూ మధ్యలో మానేసినవాడు. ఆఫీసులో ఒక పాత ఇనుప పొయ్యి ఉంటుంది, దాంట్లో బొగ్గులు ఎగదోయడం ఆయనకు ఇష్టం. పైపు కాలుస్తాడు, మధ్యాహ్నం ఇంటికి భోజనానికి వెళ్లగలిగితే ఆ రోజు మంచి రోజన్నట్టే ఉంటాడు. అనుమానితుడిని రాత్రంతా ప్రశ్నించాల్సి వస్తే ఎదురుగా ఉన్న హోటలు నుంచి బీరు, సాండ్‌విచ్‌లు తెప్పిస్తాడు, అనుమానితుడికి కూడా. వేలిముద్రలు, భూతద్దాలు ఆయన దగ్గర ఉండవని కాదు, వాటి పని వేరేవాళ్లు చేస్తారు. ఆయన చేసే పని, చనిపోయిన మనిషి తిరిగిన వీధిలో తిరగడం, ఆ మనిషి కూర్చున్న కాఫీ హోటల్లో అదే కుర్చీలో కూర్చోవడం, ఇంటి యజమానురాలు వంట చేస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడడం. పక్కవాళ్లు ఏం ఆలోచిస్తున్నారని అడిగితే తానేమీ ఆలోచించడం లేదంటాడు. చాలా పుస్తకాల్లో హంతకుడు ఎవరో మూడొంతుల దగ్గరే మనకు అనుమానం వస్తుంది. అయినా చదువుతాం, ఎందుకంటే అప్పటికి ప్రశ్న మారిపోయి ఉంటుంది. ఆ మనిషి అంత పనికి ఎలా దిగాడన్నది తేలాలి.

పనిలో పెట్టి చూస్తే నా షరతులన్నీ నెరవేరాయి. నూట యాభై పేజీలకు కాస్త అటూ ఇటూ, రెండు రాత్రులు. అధ్యాయం ముగిసేసరికి ఎవరూ తుపాకీ తీసి మనల్ని కట్టిపడేయరు. బహుశా వాన కాస్త తగ్గుతుంది, లేదా మేగ్రే ఇంకో పైపు వెలిగిస్తాడు. నేను లేచి గట్టు మీదికి పోయి ట్రే ఎత్తి, రొయ్య పేగు నిండుగా ఉందో లేదో టార్చి వేసి చూసుకుని వచ్చేసరికి ఆయన ఇంకా ఆ కిటికీ దగ్గరే నిలబడి ఉంటాడు. ముఖ్యంగా ఏరియేటర్ల చప్పుడు ఈ పుస్తకాల మధ్య నుంచి చక్కగా వినబడుతుంది. మొన్న ఒక రాత్రి ఒక్క మోటారు బేరింగు గరగరమంటే, పేజీ మధ్యలోనే నాకు తెలిసిపోయింది. మా మనిషి దాన్ని సిమెనాన్ ఖాతాలో వేయలేదు గానీ నేను వేశాను.

లోపాలు లేవని అనను. 1930ల నాటి పుస్తకాల్లో కొన్ని చోట్ల విదేశీయుల గురించి, యూదుల గురించి రాసిన మాటలు ఈనాడు చదువుతుంటే ముల్లులా గుచ్చుకుంటాయి, అవి ఆ కాలపు మాటలని సర్దిచెప్పుకున్నా సర్దుకోవు. ఆడవాళ్లను చూసే చూపు కూడా చాలాసార్లు ఒంటికన్ను చూపే. మేగ్రే భార్య ఎంతో తెలివిగల మనిషని అక్కడక్కడ తెలుస్తూనే ఉంటుంది, అయినా ఆవిడను వంటింట్లోంచి బయటకు రానిచ్చే పుస్తకాలు తక్కువ. పజిలు విప్పడం ఇష్టపడేవారికి ఆయన అన్యాయం చేసినట్టే అనిపించవచ్చు. మనకు చెప్పని ఆధారం చివర్లో తీసి చూపించడం ఆయనకు మామూలే. డెబ్బై అయిదింటిలో అన్నీ మంచివి కావడం అసాధ్యం. నేను చదివినవాటిలో మూడింటిని ఏదో మొక్కుబడిగా రాశాడనిపించింది, పేర్లు ఎందుకు లెండి.

మొదలుపెట్టేవారు మొదటి పుస్తకంతో మొదలుపెట్టనవసరం లేదు. అందులో మేగ్రే ఇంకా కుదురుకోలేదు, కాల్పులూ పరుగులూ ఎక్కువ. వరస పాటించనక్కర్లేదు, ఏది దొరికితే అది చదవవచ్చు. ఇంగ్లీషులో పెంగ్విన్ వాళ్లు 2013 నవంబరు నుంచి నెలకు ఒకటి చొప్పున 75 నవలలనూ కొత్తగా అనువాదం చేయించి 2020 జనవరికి పూర్తిచేశారు. పాత అనువాదాల కంటే ఇవి నాకు సులువుగా సాగాయి. పాతవి ఫుట్‌పాత్ మీద చవకగా దొరుకుతాయి, అక్షరాలు మరీ చిన్నవి. తెలుగులో ఇవి వరసగా వచ్చి ఉంటే మా మనిషి చేత కూడా చదివించేవాడిని. అతనికి ఇప్పుడు కథలు నేనే చెబుతున్నాను. లాకుల కథ విన్నాక, "ఆ ఇన్‌స్పెక్టరుగారు లస్కరుని ముందు అడిగితే ఒక్కరోజులో తేలిపోయేదండీ" అన్నాడు. ఆ మాటలో చాలా న్యాయం ఉంది.

ఇప్పుడు నా చేతిలో ఉన్నది ముప్ఫై ఒకటోది. మేనల్లుడు పోయిన వారం పంపిన పార్సిల్లో వచ్చింది. వెనక అట్ట ఊడిపోయి దారంతో కట్టి ఉంది. మొదలుపెట్టే ముందు, కళ్లు చికిలించి, ఒక్క అక్షరం కూడా చదవకుండా జాగ్రత్తపడుతూ, ఆఖరి కాగితం ఉందో లేదో మాత్రం చూసుకున్నాను. ఉంది.